స్కేలు మామ కొలిచిన చేతులు

పోయిన శుక్రవారం పొద్దున గిద్దలూరు నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, మామ పోయినాడు" అన్నాడు. ఏ మామ అని నేను అడగలేదు. మా మేనమామలు ఇద్దరూ ఎప్పుడో వెళ్ళిపోయారు. మిగిలిన మామ ఈయన ఒక్కడే. మా అమ్మకు అన్నా కాడు, తమ్ముడూ కాడు. మా చేతులు కొలవడానికి వచ్చి మా ఇంటి మనిషి అయినవాడు. తొంభైకి రెండు మూడేళ్ళు తక్కువ. కాఫీ తాగి, గ్లాసు ఎప్పటిలాగే తనే కడిగి బోర్లించి, మంచం మీద వాలాడట. మళ్ళీ లేవలేదు. మంచి చావు అన్నారు అందరూ. నాకు మాత్రం మంచీ చెడూ ఏమీ తోచలేదు. నా చెయ్యి దానంతట అదే ఎడమ భుజం మీదికి పోయింది. అక్కడ కందిగింజంత మచ్చ ఒకటుంది. అది ఆయన వేసిన సూది మచ్చ.

ఇది చదువుతున్న మీకు ఆయన తెలిసే అవకాశం తక్కువ. నలుగురికీ తెలిసేంత పని ఏదీ తాను చేయలేదని ఆయనే అనేవాడు. అది వినయం కాదు, నిజంగానే అనుకునేవాడు. ఆ విషయంలో ఆయనతో నేను ఎన్నోసార్లు పోట్లాడాను. ఇప్పుడు అడ్డు చెప్పడానికి ఆయన లేడు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి పట్టుమని నాలుగేళ్ళు కాలేదు. మా తాలూకాలు ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉండేవి. క్షయ టీకాలు వేసే జట్లు ఊరూరూ తిరుగుతున్న రోజులవి. గిద్దలూరుకు ఆరు మైళ్ళ దూరంలో, నల్లమల వైపు ఉన్న మా ఊరికి ముగ్గురు మనుషులు, ఒక ఇనప పెట్టె, సూదులు ఉడకబెట్టే కిరసనాయిలు పొయ్యితో ఎద్దుల బండి మీద వచ్చారు. ఆ ముగ్గురిలో చిన్నవాడు మామ. ఇరవై ఏళ్ళుంటాయేమో. చొక్కా జేబులో అందరూ పెన్ను పెట్టుకుంటే ఆయన జానెడు కూడా లేని స్కేలు పెట్టుకునేవాడు. అవతలి వైపు కనిపించే స్కేలు మేము అదే మొదటిసారి చూడటం. ఊళ్ళో పెద్దవాళ్ళు ఆయన్ని సూదాయన అన్నారు. నేను స్కేలు మామ అన్నాను. చివరికి నా పేరే నిలబడింది.

ఆయన పుట్టింది మార్కాపురంలో. వాళ్ళ నాయన పలకల పనిలో ఉండేవాడు. రాయి చీల్చేముందు పొర ఎక్కడుందో బొటనవేలితో తడిమి చెప్పడం చిన్నప్పుడే వచ్చిందట. ఆ వేలే తర్వాత ఆయనకు అన్నం పెట్టింది. సూది పని ఎట్లా ఉండేదో చెప్తాను. మొదటి రోజు ముంజేతి మీద చర్మంలోకి చిన్న సూది వేస్తారు. మూడు రోజుల తర్వాత వచ్చి అక్కడ ఎంత గట్టిపడిందో కొలుస్తారు. గట్టిపడకపోతే ఆ పిల్లకు జబ్బు ఇంకా సోకలేదని అర్థం, వెంటనే భుజానికి టీకా వేస్తారు. బాగా గట్టిపడితే జబ్బు పురుగు అప్పటికే ఒంట్లో దూరిందని అర్థం. ఎర్రగా కందినంత మేర కొలిస్తే లెక్క తప్పుతుంది. అందుకని మామ కళ్ళు మూసుకుని బొటనవేలితో అంచులు తడిమి, ఆ అంచుల మధ్య స్కేలు పెట్టేవాడు. "ఎరుపు కాదు, గట్టి కొలవాల" అనేవాడు. ముసలితనంలో పక్కింటివాళ్ళ తగాదాకు కూడా అదే మాట వాడేవాడు. ఎవరైనా ఊగిపోతూ అరుస్తుంటే, "అదంతా ఎరుపు. గట్టి యాడుందో చూడు" అనేవాడు.

ఇక మా ఇంటి సంగతి. నాకు ముందు ఒక మగపిల్లాడు, నా తర్వాత ఒక మగపిల్లాడు ఏడాది నిండకుండానే పోయారు. ఆ తర్వాత మా తమ్ముడు పుట్టాడు. పుట్టిన పదకొండో రోజున మా జేజి, అంటే నాయన తల్లి, వాణ్ణి ఎంగిలాకుల మీద పడుకోబెట్టి, పక్కింటావిడ చేత ఎత్తించి, చేటెడు తవుడు పోసి ఆవిడ దగ్గర కొనుక్కుంది. పుల్లాకుల మీద దొరికిన బిడ్డను ఎవరూ పట్టించుకోరని నమ్మకం. అంతటితో ఆగలేదు. ముక్కు కుట్టించింది. జడ వేసింది. పరికిణీ కట్టింది. పుల్లయ్య అనకుండా పుల్లమ్మ అని పేరు పెట్టింది. దిష్టి, చావు రెండూ మగపిల్లల కోసమే కాచుకుని ఉంటాయని జేజి లెక్క. ఆడపిల్ల జోలికి అవి రావు. "ఆడపిల్ల గట్టి పిండం" అనేది. వాడు మగవాడని ఊరందరికీ తెలుసు. కానీ ఆ మాట ఎవరూ పైకి అనరు. అంటే చావు వింటుంది.

మొదటి రోజు బడి అరుగు మీద మా వంతు వచ్చింది. మామ ముందు చౌక రకం నోటుబుక్కు ఒకటుండేది. అందులో తెలుగులో రాసుకుని, సాయంత్రం ఆఫీసు రిజిస్టరులోకి ఇంగ్లీషులో ఎక్కించేవాడు. పేరు, వయసు, ఆడైతే "ఆ", మగైతే "మ", చివర కొలత. అన్నీ గీతలు గీసిన గళ్ళు.

"ఈ పాపకు వయసెంత పెద్దమ్మా?" అని తమ్ముణ్ణి చూపించి అడిగాడు.

"మా ఎర్రావు రెండో ఈత ఈనిన యేడు పుట్టింది నాయనా" అంది జేజి.

మామ నవ్వలేదు. "నోరు తెరువు పాపా" అని వాడి పాలపళ్ళు లెక్కపెట్టుకుని నాలుగేళ్ళని రాశాడు. పక్కన "ఆ" అని రాశాడు. తర్వాత నా నోరు చూశాడు. ముందు పళ్ళు నాలుగు ఊడి, బోసిగా ఉంది. ఏడు అని రాశాడు. ఇద్దరికీ సూదులు వేశాడు. నేను ఏడవలేదు. తమ్ముడు ఊరంతా వినిపించేటట్టు ఏడ్చాడు. "చూసినావా, గట్టి పిండం" అని జేజి నన్ను మెచ్చుకుందో తిట్టిందో తెలియదు.

మర్నాటికి తమ్ముడి చెయ్యి ఉబ్బింది. రెండో రోజుకు ఎర్రగా కంది, తాకనిచ్చేవాడు కాదు. జేజి పసుపూ సున్నమూ కలిపి మందంగా పట్టువేసి, గుడ్డ చుట్టింది. వాణ్ణి ఇక ఆ సూదాయన కంట పడనివ్వనని ఒట్టు పెట్టుకుంది. కానీ మూడో రోజు పేర్లు పిలుస్తారని, రాని ఇంటికి మనిషిని పంపుతారని ముందే చాటింపు వేశారు. జేజి ఆలోచించింది. బుక్కులో ఉన్నవి రెండూ ఆడపేర్లే. ఇంట్లో ఆడపిల్ల ఉండనే ఉంది. ఆ పిల్లే రెండుసార్లు పోతే సరి. తెలివితేటల్లో మా జేజిని మించినవాళ్ళు మా తాలూకాలో లేరని అప్పట్లో నా నమ్మకం.

ముందు నా పేరు పిలిచారు, పోయాను. గట్టి ఏమీ లేదని మామ భుజానికి టీకా వేశాడు. ఇంటికి పరుగెత్తుకొచ్చి, ఇంకో పరికిణీ కట్టుకుని, జడ విప్పి ముడి వేయించుకుని, "పుల్లమ్మ" అని పిలిచే వేళకు మళ్ళీ వరుసలో నిలబడ్డాను. రెండో పేరుకు రెండో టీకా పడుతుందన్న సంగతి జేజికీ తోచలేదు, నాకూ తోచలేదు. మామ కళ్ళు మూసుకుని నా ముంజెయ్యి తడిమాడు. "గట్టి లేదు" అన్నాడు. టీకా కోసం రవిక చెయ్యి పైకి లాగాడు. అప్పుడే వేసిన టీకా పొంగు అక్కడ ఇంకా తెల్లగా ఉంది.

ఆయన కళ్ళు తెరిచి మొదటిసారి నా మొహం చూశాడు. "నోరు తెరువు" అన్నాడు. తెరిచాను. కాసేపు చూశాడు.

"మూడు రోజుల్లో నాలుగు పళ్ళు రాల్చుకున్నావే. ఇంతకూ ఆ నాలుగేళ్ళ పాప యాడుందమ్మా?"

నేను గొల్లున ఏడ్చాను. సూదికి ఏడవని దాన్ని, ఆ మెత్తని మాటకు ఏడ్చాను. ఈ కథ మామ మా ఇంట్లో ప్రతి పెళ్ళికీ చెప్పేవాడు. "అప్పటిదాకా నేను చేతులే చూసేవాణ్ణి, మొహాలు చూసేవాణ్ణి కాదు. ఈ పిల్ల పుణ్యాన మొహాలు చూడటం నేర్చుకున్నా" అనేవాడు.

పని ముగించుకుని, నా చెయ్యి పట్టుకుని ఇంటికి వచ్చాడు. నాయన గొర్రెలను తోలుకుని పోయాడు. అమ్మ చేనికి పోయింది. జేజి గడపకు అడ్డంగా నిలబడింది. అప్పుడే తమ్ముడు లోపలి నుంచి పరుగెత్తుకొచ్చాడు. ఇంట్లో ఉన్నప్పుడు వాడికి పరికిణీ ఉండేది కాదు. మొలతాడు, ముక్కుపుల్ల, చేతికి గుడ్డ తప్ప ఒంటి మీద ఇంకేమీ లేదు. మామ చూశాడు. ఆయన చూడటం జేజి చూసింది.

"ఆడపిల్ల నాయనా" అంది జేజి, ఆయన కళ్ళల్లోకే చూస్తూ. ఆ గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. అది అబద్ధం చెప్పే గొంతు కాదు, బతిమాలే గొంతు.

మామ చెంబుతో నీళ్ళు తెప్పించుకుని, గుడ్డ విప్పి, సున్నం పట్టు నెమ్మదిగా తడిపి కడిగాడు. ఆరేదాకా ఉండి, కళ్ళు మూసుకుని తడిమాడు. ఆయన వేలు పోతూనే ఉంది. అంచు దొరకడానికి చాలాసేపు పట్టింది.

"సున్నం ఎరుపు తెస్తాది పెద్దమ్మా. ఇంత గట్టి తేలేదు" అన్నాడు. కొలిచాడు. ఇరవై మిల్లీమీటర్లు దాటింది. వాడి పక్కటెముకలు చూశాడు. సాయంత్రం పూట ఒళ్ళు కాలుతుందా అని అడిగాడు. కాలుతుందని నేను చెప్పాను.

అప్పుడు నోటుబుక్కు తీశాడు. ఆయన పనిలో వయసూ, ఆడామగా తప్పు రాస్తే కొలత ఎంత సరిగ్గా ఉన్నా చెత్తబుట్టలో వేసినట్టే. అది ఆయన నమ్మకం. పుల్లమ్మ అన్న వరుసలో "ఆ" కొట్టేశాడు. జేజి ఆ పెన్సిలు వైపే చూస్తోంది. "ఆడపిల్లే పెద్దమ్మా. అట్లనే రాస్తాండా" అని పైకి అంటూ, దాని పక్కన "మ" అని రాశాడు.

జేజికి చదువు రాదు. నాకు వచ్చు. నేను పక్కనే నిలబడి చూశాను. నేను చూడటం ఆయన గమనించాడు.

"ఎన్నో తరగతి?"

"రెండు."

"చదవడం వచ్చునా?"

"వచ్చు."

ఆయన పెన్సిలు చెవి వెనక పెట్టుకున్నాడు. నేను నోరు మూసుకున్నాను. మా ఇద్దరి స్నేహం మొదలైంది అక్కడే.

ఆ తర్వాత జరిగింది ఆయన ఎప్పుడూ పెళ్ళిళ్ళలో చెప్పలేదు. జేజి దగ్గింది. మామ తలెత్తాడు.

"ఎన్నాళ్ళ నుంచి పెద్దమ్మా ఈ దగ్గు?"

"చుట్ట దగ్గు నాయనా. ఏండ్లనాటిది."

"ఈ పాప ఎవరి పక్కలో పండుకుంటాది?"

"నా పక్కలోనే. పుట్టినప్పటి సంది నేల మీద పండుకోబెట్టలేదు."

"మరి పెద్దపాప?"

"అది వాళ్ళమ్మ కాడ. దానికేం, గట్టి పిండం" అంది జేజి.

మామ నన్ను చూశాడు, తమ్ముణ్ణి చూశాడు. ఒకే ఇల్లు, ఒకే కుండలో కూడు. ఒక చెయ్యి రాయిలా గట్టిపడింది, ఇంకో చెయ్యి మామూలుగా ఉంది. "గట్టిదనం కాదు పెద్దమ్మా" అన్నాడు. "ఇంత చిన్నబిడ్డ చెయ్యి, ఇంట్లో దగ్గే మనిషి పేరు చెప్తాది. ఈ చెయ్యి నీ పేరు చెప్తాంది."

జేజి గడప మీద కూర్చుండిపోయింది. నా మనవణ్ణి నేనే తింటున్నానా అని ఆమె అడగలేదు. ఆమె మొహం చూస్తే అడగాల్సిన పని లేదు. ఇద్దరు మగబిడ్డలను పోగొట్టుకుని, మూడోవాణ్ణి చావు కంట పడకుండా జడవేసి దాచి, తన పక్కలోనే పెట్టుకుంది. ఆ చావు తన పక్కలోనే ఉందని ఆమెకు ఎట్లా తెలుస్తుంది?

ఆ మాట అట్లా అనకుండా ఉండాల్సింది అని మామ చాలాసార్లు అన్నాడు నాతో. "నిజమే చెప్పినా. కానీ సూది గుచ్చేముందు చర్మం చూసుకోవద్దా?" అనేవాడు. నేను టీచరునయ్యాక ఎవరి తల్లిదండ్రులకైనా పిల్లల గురించి చేదు మాట చెప్పాల్సి వచ్చినప్పుడు ఆ ప్రశ్న గుర్తొచ్చేది. చాలావరకు గుర్తు రాకముందే నోరు జారేదాన్ని, అది వేరే సంగతి.

ఆ సాయంత్రమే జేజి తన మంచం ఎత్తుకుని గొర్రెల దొడ్డి పక్క పాకలోకి మారింది. అమ్మ కాళ్ళు పట్టుకున్నా ఆగలేదు. తన కంచం, చెంబు వేరు చేసుకుంది. తమ్ముడు ఏడుస్తూ పాక వైపు పోతే దూరం నుంచే చెయ్యి అడ్డంపెట్టి, "రావద్దు, ఆడనే ఉండు" అని కసిరేది. కసిరి, వాడు వెళ్ళాక మోకాళ్ళ మీద తల పెట్టుకునేది. వాడు బతుకుతాడో లేదో అన్న మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అందరూ దాన్నే మోస్తూ తిరిగారు. అమ్మ వాడికి అన్నం పెడుతూ ప్రతి ముద్దా దిగిందా లేదా అని గొంతు వైపే చూసేది.

మామ సెలవు పెట్టి వచ్చాడు. కొలిచి రాసుకుని ఇంకో ఊరు పోవడమే ఆయన ఉద్యోగం. ఆసుపత్రికి తీసుకుపోవడం ఆయన పని కాదు. జేజినీ, తమ్ముణ్ణీ, నాయననూ గిద్దలూరులో రైలెక్కించి నంద్యాల, అక్కడి నుంచి బస్సులో కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. రైలు పెట్టెలో జేజి ఈ చివర, తమ్ముడు ఆ చివర, మధ్యలో తాను. ఛాతీకి ఫోటో తీశారు, కఫం చూశారు. ఇద్దరికీ మందులు రాశారు. జేజికి సూదులు కూడా. ఏడాదిన్నర పాటు ఒక్క పూట కూడా తప్పకూడదన్నారు.

ఆ ఏడాదిన్నరా మామ ఏ ఊళ్ళో పనిలో ఉన్నా, గిద్దలూరు మీదుగా పోవాల్సి వస్తే అద్దె సైకిలు మీద మా ఊరు వచ్చేవాడు. మాత్రల సీసా బోర్లించి లెక్కపెట్టేవాడు. తమ్ముణ్ణి చంకల కింద పట్టుకుని ఎత్తి, "పోయినసారి కంటే బరువైనాడు... అయినాది" అని నాలుక కరుచుకునేవాడు. మొదటిసారి వచ్చినప్పుడు నాకు మార్కాపురం పలక ఒకటి తెచ్చాడు, కొత్తది, చెక్క అంచుది. ఎందుకని అమ్మ అడిగితే, "చదవడం వచ్చి కూడా నోరు మూసుకున్నందుకు" అన్నాడు. అమ్మకు అర్థం కాలేదు. నాకు అయింది. మా ఇంట్లో ఆడపిల్లకు కొత్త పలక కొనడం అనే పద్ధతి అప్పటిదాకా లేదు.

ఆ రోజుల్లోనే ఒకసారి నేను అడిగాను. తమ్ముడి చెయ్యి గట్టిపడింది, నాది పడలేదు, మరి నాకెందుకు టీకా వేశావని. "నీ తమ్ముని ఒళ్ళు దొంగను చూసింది. మళ్ళీ వాసన తగిలితే చాలు, గుర్తుపట్టి గుంపు కడతాది. నీ ఒళ్ళు ఇంకా చూడలేదు. వచ్చినాక చూసుకుందాంలే అంటే ఆలస్యమైతాది. అందుకని ముందే ఒక బొమ్మదొంగను చూపించినా" అన్నాడు. తర్వాత ముప్పై ఏళ్ళు సైన్సు పాఠం చెప్పాను. అంతకంటే బాగా చెప్పడం నాకు చేతకాలేదు.

మా ఇంటి సంగతి ఆయన బుర్రలో ఒక ముల్లు నాటింది. ఆ తర్వాత ఆయన ప్రతి ఊళ్ళోనూ మూడో రోజు ఎవరు తిరిగి రాలేదో చూడటం మొదలుపెట్టాడు. రాని వాళ్ళలో ఆడపిల్లలే ఎక్కువ. పశువుల దగ్గరికి పోయారనో, చంటిపిల్లను ఎత్తుకోవాలనో, ఆడపిల్లకు ఏమవుతుందిలే అనో పంపేవారు కాదు. తోటివాళ్ళు బండెక్కి కూర్చున్నా ఈయన సందుసందూ తిరిగి, చేలల్లోకి పోయి, ఆడపిల్లల చేతులు కొలిచి వచ్చేవాడు. జట్టు పెద్ద విసుక్కునేవాడట. "అయ్యా, పెరిగే కొద్దీ ఆడపిల్లల చెయ్యి ఒక రకంగా, మొగపిల్లల చెయ్యి ఒక రకంగా పలుకుతాంది. అది ఒంటి తేడానా, ఇంటి తేడానా? రాని పిల్లలను వదిలేస్తే ఎట్ల తెలుస్తాది?" అని అడిగేవాడట. ఒంటిదా, ఇంటిదా. ఆ ప్రశ్న ఆయన ఊతపదమైంది. మగపిల్లలు చంటితనంలో ఎక్కువగా రాలిపోతారని, ఆడపిల్లలు తట్టుకుంటారని ఆయనకూ తెలుసు. జేజి మాటలో నిజం లేకపోలేదు అనేవాడు. కానీ తట్టుకుంటుంది కదా అని వదిలేసిన చోట ఆ గట్టితనమే ఆడపిల్లను చంపుతుందని కూడా అనేవాడు.

ఏడాదిన్నర అయ్యాక కర్నూలులో మళ్ళీ ఫోటోలు తీసి, ఇద్దరికీ నయమైందన్నారు. జేజి పాకలోంచి ఇంట్లోకి వచ్చింది. వచ్చీ రాగానే తమ్ముణ్ణి ఎత్తుకోలేదు. మామకు కబురు పెట్టించింది. ఆయన వచ్చి అరుగు మీద కూర్చున్నాక ఎదురుగా కూర్చుంది.

"నాయనా, నీ బుక్కు తెచ్చినావా?"

"తెచ్చినా పెద్దమ్మా."

"నీతో అబద్ధం రాయించినా. పాపం నాది. అది ఆడపిల్ల కాదు, మొగపిల్లోడు." ఆ మాట మా ఇంట్లో పైకి వినిపించడం అదే మొదలు. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. జేజి చుట్టూ చూసింది. ఏమీ కాలేదు. గొర్రెలు నెమరేస్తున్నాయి. "ఇప్పుడు దిద్దుకో" అంది.

మామ ఆ పేజీ తీశాడు. పెన్సిలు మొన నాలుకకు తడి చేసుకున్నాడు. తడి తగిలితే ఊదారంగుకు తిరిగే రకం అది. తాను ఎప్పుడో రాసిన "మ" మీదే మళ్ళీ నెమ్మదిగా, ఒత్తి దిద్దాడు.

"దిద్దినా పెద్దమ్మా" అన్నాడు.

"తప్పు రాసినందుకు పైవాళ్ళు నిన్నేమన్నా అన్నారా నాయనా?"

"లేదు పెద్దమ్మా. ఏమీ అనలేదు."

నా వైపు చూశాడు. నేను గొర్రెల వైపు చూశాను. జేజి అప్పుడు లేచి తమ్ముణ్ణి ఎత్తుకుంది. వాడు అప్పటికి ఐదు దాటినవాడు. కాళ్ళు ఆమె మోకాళ్ళ దాకా వేలాడాయి. తర్వాత ఆమె ఇంకా ఎనిమిదేళ్ళు బతికింది. మామతో అబద్ధం రాయించానన్న నమ్మకంతోనే, దాన్ని దిద్దించానన్న తృప్తితోనే పోయింది.

మామ తర్వాత గిద్దలూరు పిల్లనే పెళ్ళి చేసుకుని అక్కడే స్థిరపడ్డాడు. రిటైరయ్యాక స్కేలును పేపరు చదివేటప్పుడు వరుస తప్పకుండా పెట్టుకోవడానికి వాడేవాడు. ఎవరి పిల్లలు ఇంటికి వచ్చినా చెయ్యి పట్టుకుని, మాటల్లోనే ముంజేతి మీద బొటనవేలు పోనిచ్చేవాడు. నోరు తెరిపించి వయసు చెప్పేవాడు. వాళ్ళమ్మలు చెప్పిన వయసు నమ్మేవాడు కాదు.

రెండేళ్ళ కిందట మా తమ్ముడి మనవరాలు ఆయన దగ్గరికి వచ్చింది. రక్తపరీక్షల చదువు చదువుతోంది. "తాతా, నువ్వు కొలిచిన గట్టి ఏంటో తెలుసా? అది నీరు కాదు. రక్తంలోంచి కాపలా కణాలు అక్కడికి వచ్చి గుంపు కడతాయి" అని చెప్పింది. మామ తన వేలి వంక చూసుకున్నాడు. "అంటే ఇన్నేండ్లూ నేను కొలిచింది జనాన్నన్నమాట" అన్నాడు. ఆ కణాల పనితీరు పిల్లల వయసుతో మారుతుందని, కొన్నిటిలో ఆడపిల్లలకూ మగపిల్లలకూ తేడా కనిపిస్తుందని, ఇప్పుడు వాటిని లెక్కగట్టి చూస్తున్నారని ఆ పిల్ల ఉత్సాహంగా చెప్పుకుపోయింది. ఆయన అంతా విన్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా అడగాల్సింది అడిగాడు. "బాగుందమ్మా. ఇంట్లో ఎవరు ఎవరి పక్కలో పండుకున్నారో కూడా రాసుకుంటున్నారా?"

ఆ పిల్ల నవ్వి, తర్వాత నవ్వు ఆపి, కనుక్కుంటానంది.

మొన్న గిద్దలూరులో మూడో రోజు కార్యం అయ్యాక మామ కూతురు ట్రంకుపెట్టె తీసి, ఒక నోటుబుక్కు మా తమ్ముడి చేతిలో పెట్టింది. మాకే ఇమ్మని మామ చెప్పాడట. కాగితాలు పచ్చబడి, అంచులు రాలుతున్నాయి. తమ్ముడికి డెబ్బై నిండాయి, అద్దాలు పెట్టుకున్నా ముక్కు మీద చిన్నప్పటి కుట్టు గుర్తు కనిపిస్తుంది. తన వరుస వెతుక్కున్నాడు. పేరు పుల్లమ్మ. వయసు నాలుగు.

"అక్కా, ఈ ఒక్క అక్షరం ఏంది ఇంత లావుగా ఉండాది?"

అన్నీ మామూలు పెన్సిలు రాతలు, వెలిసిపోయాయి. అదొక్కటే ఊదాగా, కాగితం వెనక్కి పొంగేటట్టు ఉంది. అరవై ఏళ్ళకు పైగా నేను ఎవరికీ చెప్పని మాట అది. జేజి లేదు. మామా లేడు. ఇక దాచిపెట్టాల్సింది ఎవరి కోసం? చెప్పాను. ఆయన రెండుసార్లు రాశాడు. మొదటిసారి నువ్వెవరో తెలుసుకుని, రెండోసారి జేజి చెప్పనిచ్చినప్పుడు.

తమ్ముడు కళ్ళు మూసుకుని, ఆ అక్షరం మీద బొటనవేలు పెట్టి, మామ తడిమినట్టే అంచుల దాకా మెల్లగా తడిమాడు.

"గట్టిగానే ఉండాది అక్కా" అన్నాడు.